గడువు విలువ తెలిసిన కలెక్టరు: సర్ థామస్ మన్రో



ఇటువంటి వార్షిక సంచికల్లో సాధారణంగా మతపెద్దల చరిత్రలో, విద్యాదాతల చరిత్రలో వుంటాయి. ఈసారి మేము ఒక పరదేశి కలెక్టరు జీవితాన్ని ఎత్తుకున్నాము. ఆయన మన జాతివాడు కాడు, మన మతస్థుడూ కాడు. ఈ దేశాన్ని ఏలడానికి వచ్చిన కంపెనీ నౌకరు. అయినప్పటికీ ఆయన్ను గురించి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారు తెలుసుకోవలసిన అవసరం వుందని మేము భావిస్తున్నాము.

ఎందుకంటే కరువొచ్చినా, వరదొచ్చినా మన సీమలో జనాన్ని పట్టి పీడించేవి రెండే ప్రశ్నలు. ఒకటి, పొయ్యి మీదికి ఏమిటి? రెండు, సర్కారు బాకీ కట్టేది ఎట్లా? మొదటి ప్రశ్నకు ఇరుగుపొరుగువారు, ధర్మాత్ములు, జకాత్ సొమ్ము, గంజికేంద్రాలు ఎంతో కొంత జవాబు చెబుతాయి. రెండో ప్రశ్నకు మాత్రం సర్కారే జవాబు చెప్పాలి. పంట పోయిన ఏడు కిస్తు గడువు ఆపాలా, ఆపితే ఎంతకాలం ఆపాలి, తర్వాత వసూలు చేయాలా, పూర్తిగా మాఫీ చేయాలా అనే చర్చ మన సీమ రెవెన్యూ కాగితాల్లో గట్టిగా నడిచింది సర్ థామస్ మన్రో కాలంలో. అందుకే ఆయన జీవితాన్ని ఈ కోణంలో చెప్పబోతున్నాము. ఆయన మంచిని దాచము, చెడునూ దాచము.

మన్రో 1761 మే 27న స్కాట్లాండు దేశంలోని గ్లాస్గో పట్టణంలో పుట్టారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసే వర్తకుడు. ఇల్లు కలిగిన ఇల్లే. కాని 1775లో అమెరికా వాళ్లు ఇంగ్లండు మీద తిరగబడి యుద్ధం మొదలుపెట్టేసరికి సముద్రం అవతల రావలసిన బాకీలు అవతలే వుండిపోయాయి. వ్యాపారం కుప్పకూలింది. తన తప్పేమీ లేకుండా, దూరదేశంలో జరిగిన ఉపద్రవం వల్ల ఒక కుటుంబం ఎట్లా చితికిపోతుందో మన్రో చిన్నతనంలోనే కళ్లారా చూశారు. చదువు మాని ఒక వర్తకుని ఆఫీసులో గుమాస్తాగా చేరారు. అదీ నిలవలేదు. చివరకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్ ఉద్యోగం దొరికి, 1780 జనవరిలో మద్రాసులో దిగారు. అప్పటికి పంతొమ్మిదేళ్లు గూడా నిండలేదు.

దిగిన ఏడే హైదర్ అలీతో యుద్ధం వచ్చింది. తర్వాత టిప్పు సుల్తాన్‌తో యుద్ధాలు. ఈ యుద్ధాల్లో మన్రో కంపెనీ పక్షాన వున్నారనేది మరచిపోరాదు. చాలీచాలని జీతంలోనే అన్నదమ్ములు కలిసి చితికిపోయిన తల్లిదండ్రులకు డబ్బు పంపేవారు. ఖాళీ సమయంలో హిందూస్తానీ, ఫారసీ భాషలు పట్టుదలగా నేర్చుకున్నారు. తోటి సిపాయి దొరలు చాలామందికి లేని ఈ భాషాజ్ఞానమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

1792లో టిప్పు రాజ్యంలో కొంతభాగం కంపెనీకి వచ్చింది. సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపున్న ఆ ప్రాంతాన్ని బారామహల్ అనేవారు. దాన్ని చక్కదిద్దే పని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించి, సహాయకుల్లో ఒకరుగా మన్రోను వేశారు. అక్కడ సుమారు ఏడేళ్లు పల్లెపల్లె తిరిగి, కరణం లెక్కలు ఎట్లా రాస్తాడు, అమీను ఎక్కడ నొక్కుతాడు, రైతు ఏది దాస్తాడు, ఎందుకు దాస్తాడు అన్నీ తెలుసుకున్నారు. మధ్యలో జమీందారు గాని, గుత్తేదారు గాని లేకుండా సర్కారు నేరుగా రైతుతో మాట్లాడుకోవాలనే రైత్వారీ పద్ధతి ఆయన మనసులో నాటుకున్నది అక్కడే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాన్ అమరుడైన తర్వాత మన్రోను కెనరాకు పంపారు. ఆ మరుసటి సంవత్సరమే మన సీమకు వచ్చారు.

ఇక్కడ మన ప్రాంతపు చరిత్ర కాస్త చెప్పుకోవాలి. మైసూరు యుద్ధాల్లో వాటాగా వచ్చిన ప్రాంతాలను నిజాం నవాబు 1800 అక్టోబరులో కంపెనీ సైన్యం ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చారు. బళ్లారి, అనంతపురం, కడప, నేటి కర్నూలు, నంద్యాల జిల్లాల్లో కొంత భాగం అందులో చేరాయి. ఇచ్చివేసిన భూములు గనుక దత్తమండలాలన్నారు. ఆ పేరులో వున్న చిన్నతనం పోగొట్టి రాయలసీమ అనే పేరు పెట్టుకున్నది 1928 నవంబరులో మన నంద్యాలలో జరిగిన సభల్లోనే. ఇది నంద్యాల వారందరూ గర్వంగా చెప్పుకోదగిన సంగతి.

అయితే నంద్యాల, సిరివెళ్ల, ఆళ్లగడ్డ వైపు పల్లెలు 1800లో నేరుగా మన్రో చేతికి రాలేదు. అవి కర్నూలు నవాబు పాలనలో వుండేవి. నవాబు ఇచ్చే పెష్కష్ తీసుకునే హక్కు మాత్రం నిజాం నుంచి కంపెనీకి మారింది. కుందూకు ఆవల కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు మన్రో ఏలుబడి. బనగానపల్లె వేరే నవాబుల సంస్థానం. అంటే ఒక పల్లె రైతు కంపెనీకి శిస్తు కడితే, నాలుగు కోసుల అవతల అతని బంధువు నవాబుకు కట్టేవాడన్నమాట. వాన మాత్రం ఇద్దరికీ ఒకటే, కరువూ ఒకటే.

మన్రో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేశారు. అనంతపురం ఆయన కేంద్రం. కాని ఆయన కచ్చేరీ ఎక్కువ భాగం గుడారాల్లోనే నడిచింది. గుర్రం మీద పల్లె నుంచి పల్లెకు పోయేవారు. చెట్టు కింద జమాబందీ జరిపేవారు. తెల్లవారకముందే రైతులు గుడారం చుట్టూ మూగేవారు. ఎనభై మంది దాకా పాలెగాళ్లు, వాళ్ల కింద వేలాది ఆయుధపాణులు వున్న సీమ ఇది. వాళ్లలో కొందరిని వెళ్లగొట్టి, కొందరికి పింఛన్లు కట్టి, సైన్యం సాయంతో అణచివేశారు. 1801లో శిస్తు విషయంలో తిరగబడిన తెర్నేకల్లు కోట మీదికి కంపెనీ సైన్యం దిగింది. ఇవన్నీ ఆయన కాలంలో జరిగినవే.

తర్వాత భూమి కొలతలు మొదలుపెట్టారు. ముప్పైమూడు అడుగుల గొలుసుతో ప్రతి చేనూ కొలిపించారు. మనం ఈనాటికీ లెక్క వేసుకునే గుంట ఆ కొలతకు సరిగ్గా సరిపోతుంది. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు వుంటే గుంట. నలభై గుంటలైతే ఎకరం. చేను ఎవరిది, నేల ఎర్రదా, నల్లదా, బావి వుందా, చెరువు కింద వుందా అనేది రాసి, దానికి తీర్వ కట్టి, రైతు పేరున పట్టా ఇవ్వడం ఆ పద్ధతిలోని సారం. ఈ పనిలో వాడిన మాటలు చూడండి. జమాబందీ, కిస్తు, ఫసలీ, బకాయి, జప్తు, మాఫీ, తక్కావి, తహసీలు. ఇవన్నీ అరబ్బీ, ఫారసీ నుంచి వచ్చి తెలుగు రైతు నోట్లో తెలుగైపోయిన మాటలు. పాత సుల్తానుల, నవాబుల కచ్చేరీల నుంచి వచ్చిన ఈ మాటలను మన్రో మార్చలేదు. ఆయనకు ఫారసీ వచ్చు గనుక వాటి బరువు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. కిస్తు అంటే శిస్తులో ఒక వాయిదా. రైతు సంవత్సరం మొత్తానికి కట్టవలసింది ఒకేసారి కట్టలేడు గనుక కిస్తుల కింద విడగొట్టారు. చూడటానికి ఇది సౌకర్యమే. కాని కిస్తు తేదీ పంట చేతికొచ్చే తేదీకి ముందు పడితే సౌకర్యం కాస్తా ఉరితాడవుతుంది. మన నల్లరేగడిలో జొన్న, పత్తి సంక్రాంతి దాటిన తర్వాత గాని చేతికి రావు. గింజ కళ్లానికి రాకముందే కిస్తు అడిగితే రైతు షావుకారు దగ్గరకే పోవాలి. షావుకారు పంటను ముందే సగం ధరకు కట్టుకుంటాడు. అంటే సర్కారుకు పోయేది శిస్తు ఒక్కటే అయినా, రైతు చేతి నుంచి పోయేది శిస్తు, వడ్డీ, ధరలో నష్టం మూడూను. వాన సరిగా పడిన ఏడే ఇట్లా వుంటే, వాన పడని ఏడు చెప్పేదేముంది?

ఆ పడని ఏళ్లు మన్రోకు త్వరలోనే ఎదురయ్యాయి. 1803లో వానలు ముఖం చాటేశాయి. పైర్లు ఎండాయి, ధాన్యం ధరలు పెరిగాయి. మరుసటి ఏడు అతివృష్టి. నీరు పట్టలేక చెరువులు తెగాయి, కాలువలు పూడాయి. ఒక ఏడు నీళ్లు లేక, ఒక ఏడు నీళ్లెక్కువై రైతు నడ్డి విరిగింది. పైనుంచి మద్రాసు సర్కారు మాత్రం ఆదాయం పెంచమని ఒత్తిడి చేస్తూనే వుంది. కొత్తగా వచ్చిన సీమ ఎంత రాబడి ఇస్తుందో చూడాలనే ఆత్రుత వాళ్లది. మన్రో చెప్పిన వాదం వేరు. యుద్ధాలతో, పాలెగాళ్ల దోపిడీలతో, కరువులతో చితికిన రైతును కొంతకాలం తేలిగ్గా వదిలితే సాగు పెరుగుతుంది, సాగు పెరిగితే ఆదాయం తనంతట తానే పెరుగుతుంది, తొందరపడి పిండితే రైతు నాగలి వదిలి నవాబు సీమకో మైసూరు సీమకో పోతాడు అని ఆయన పదేపదే రాశారు. విత్తనానికి, ఎద్దులకు, బావులకు తక్కావి అప్పులు ఇప్పించారు.

ఇక్కడ ఆయన చెడు గూడా చెప్పాలి. దత్తమండలాల ఆదాయం ఆయన వున్న ఏడేళ్లలో సుమారు నాలుగు లక్షల పౌండ్ల నుంచి ఆరు లక్షల పౌండ్లకు పెరిగింది. సాగు పెరిగి వచ్చిన భాగం కొంత వుంది. కాని ఆయన కట్టిన తీర్వ బరువే. అంతేకాదు, ఒక రైతు శిస్తు కట్టలేకపోతే ఆ లోటు నూటికి పది వంతు దాకా ఊళ్లోని మిగతా రైతులు భరించాలనే నిబంధన వుండేది. మాఫీ గూడా అడిగినవాడికల్లా దొరికేది కాదు. సేద్యంలో అశ్రద్ధ వల్ల పంట పోతే మాఫీ లేదు. నీళ్లు లేక తరి పైరు పోతే తప్ప సులువుగా ఒప్పుకునేవారు కాదు. పొరుగువాడి కష్టాన్ని ఊరంతా పంచుకోవడం ధర్మమే. కాని సర్కారు తన వాటా పోకుండా ఆ భారాన్ని పేదల మీదే పంచడం ధర్మమనిపించుకోదని మా అభిప్రాయం.

అయితే మన్రోలో మెచ్చుకోదగిన గుణం ఒకటుంది. తాను కట్టిన లెక్క బరువని తానే ఒప్పుకోగలిగారు. 1807 ఆగస్టులో, పదవి వదలి పోయే ముందు, సర్కారుకు ఒక పెద్ద నివేదిక పంపారు. తాను కొలిపించి కట్టిన తీర్వ మీద నూటికి ఇరవైఐదు తగ్గించాలని, బావుల కింద, ఏర్ల నుంచి తోడుకొని పారించే భూముల మీద మరి ఎనిమిది కలిపి మొత్తం ముప్పైమూడు తగ్గించాలని అందులో సిఫారసు చేశారు. తగ్గించితే ఏమవుతుంది? రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగులుతాయి. మంచి ఏడు మిగిలిన ఆ నాలుగు రూపాయలే చెడ్డ ఏడు ఆదుకుంటాయి. ప్రతి కరువుకూ సర్కారు గడప తొక్కి గడువు అడిగే పని తప్పుతుంది. కరువు సాయంలో అన్నిటికంటే మంచిది కరువు రాకముందే పన్ను న్యాయంగా వుండటమేననేది ఆ సిఫారసులోని సారాంశం.

మద్రాసు సర్కారు దాన్ని ఒప్పుకోలేదు. మన్రో 1807లో ఇంగ్లండుకు వెళ్లిపోయారు. 1808లో దత్తమండలాలను బళ్లారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. రైత్వారీ తీసేసి ఊళ్లకు ఊళ్లు గుత్తకిచ్చారు. ముందు మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. గుత్తకు రైతు కష్టంతో పనిలేదు. వాన పడ్డా పడకపోయినా గుత్త సొమ్ము కట్టి తీరాలి. గుత్తేదారు రైతును పిండాడు, పిండినా చాలక చాలామంది గుత్తేదార్లు తామే దివాలా తీశారు. గడువులో, మొత్తంలో వెసులుబాటు లేని ఒప్పందం ఇద్దరినీ ముంచుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన్రో 1814లో పెళ్లి చేసుకొని మళ్లీ మద్రాసు వచ్చారు. న్యాయపాలన సంస్కరణల కమిషన్‌కు పెద్దగా పనిచేశారు. మరాఠా యుద్ధంలో సైన్యం నడిపారు. 1820లో మద్రాసు గవర్నరయ్యారు. పదమూడేళ్ల కిందట తాను చేసిన సిఫారసును ఈసారి తన చేతిలోని అధికారంతోనే అమలు చేయించారు. రైత్వారీ తిరిగి వచ్చింది. దత్తమండలాల్లో తీర్వ తగ్గింది. ఇష్టం లేని భూమిని వదులుకునే స్వేచ్ఛ రైతుకు దక్కింది.

మన సమాజానికి ప్రత్యేకంగా గుర్తుండవలసిన పని ఇంకొకటి చేశారు. 1822లో రాజధాని పరిధిలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరినీ అడిగారు. 12,498 బడులు తేలాయి. ఆ లెక్క చూసి 1826లో ఒక పథకం వేశారు. ప్రతి జిల్లాలో రెండు పెద్ద బడులు వుండాలి, ఒకటి హిందువులకు, ఒకటి ముస్లిములకు. ప్రతి తహసీలులో ఒక బడి వుండాలి. ఆయన పోయిన తర్వాత ఆ పథకం నీరసించి మూలబడింది. అది నిలిచి వుంటే మన సీమ ముస్లిముల చదువు వందేళ్లు ముందుండేదేమో! లెక్కలు చదవగలిగినవాడికి నోటీసు అర్థమవుతుంది. నోటీసు అర్థమైనవాడు గడువు అడగగలుగుతాడు. అందుకే చదువునూ, పన్నునూ వేరుచేసి చూడలేము.

1827లో పదవి వదిలి ఇంటికి పోబోతూ, తాను ఏడేళ్లు తిరిగిన సీమను చివరిసారి చూసి పోదామని బయలుదేరారు. అప్పుడు సీమలో కలరా వ్యాపించి వుంది. గుత్తిలో గుడారాల్లోనూ కలరా సోకింది. 1827 జులై 6న పత్తికొండ దగ్గర ఆయనకు కలరా తగిలి ఆ రాత్రే కన్నుమూశారు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేరున బావి, తోపు ఏర్పాటు చేశారు. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న విగ్రహం నేటికీ వుంది. విగ్రహాల కంటే గొప్ప సంగతి ఏమిటంటే, సీమ పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మాండవ్య ఋషి అన్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారనే ఐతిహ్యం నేటికీ చెప్పుకుంటారు. శిస్తు వసూలు చేసిన అధికారికి జనం ఇంత ప్రేమ ఇవ్వడం అరుదు.

ఆయన పోయిన పన్నెండేళ్లకు, 1839లో, కంపెనీ వారు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలను గూడా కలుపుకున్నారు. మన్రో మొదలుపెట్టిన పద్ధతి అట్లా మన పల్లెల్లోకి వచ్చింది. కాని పద్ధతి వచ్చినంత మాత్రాన మనసు రాదు గదా. పాలెగాళ్లకు కట్టిన పింఛన్లు తగ్గుతూ, వారసులు లేరని కొన్ని రద్దవుతూ పోయాయి. కట్టుబడి ఇనాములు తీసేశారు. నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛనుతో వున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు చేసి కోవెలకుంట్ల ఖజానా మీద పడటం, 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను అక్కడే ఉరితీయడం అందరికీ తెలిసిన చరిత్రే. ఆ నిప్పుకు మూలం మన్రో కాలపు ఏర్పాట్లలోనే వుందనే మాటలో నిజం వుంది.

1866 కరువులో అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి గంజి పోయించి కీర్తి పొందారు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. తర్వాత 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహాకరువులో కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. అప్పటికి కర్నూలు–కడప కాలువ తవ్వి కొన్నేళ్లయింది. అయినా మెట్ట సీమను అది కాపాడలేకపోయింది. పైగా తర్వాతి కాలపు మద్రాసు రూల్సులో సావి పోయిన తరి పైరుకు మాఫీ వుండేది గాని, మెట్ట పైరుకు మామూలుగా వుండేది కాదు. కరువు ముదిరిన తర్వాత ప్రత్యేక ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు వచ్చేలోగా ఎద్దులు అమ్ముడుపోయేవి. గింజ పండని చేనుకు గడువు ఆలస్యంగా ఇవ్వడం, ఇవ్వకపోవడంతో సమానమే.

ఈ సూత్రం కంపెనీ దొరలు కొత్తగా కనిపెట్టినది కాదు. హిజ్రీ 18వ సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం 639లో, అరేబియాలో ఘోరమైన కరువు వచ్చింది. నేల బూడిద రంగుకు తిరిగిందని దాన్ని బూడిద సంవత్సరమన్నారు. అప్పటి ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఏడు జకాత్ వసూలుదార్లను పంపలేదు. వానలు పడి పశువులు కోలుకున్న తర్వాత పంపి, రెండేళ్లది తీసుకొమ్మన్నారు. అందులో ఒక ఏడాదిది అక్కడి పేదలకే పంచిపెట్టి, రెండోది మాత్రం తెమ్మన్నారు. చూడండి, ఎంత చక్కని ఏర్పాటో! బాకీ పోలేదు, నియమం చెడలేదు, జనమూ చావలేదు. ఇబ్బందిలో వున్న బాకీదారుకు వెసులుబాటు కలిగేదాకా సమయం ఇవ్వాలని, వదిలేస్తే ఇంకా మంచిదని మన ధర్మం చెప్పింది గూడా ఇదే. మంచి అనేది ఎవరి నోట వచ్చినా, ఎవరి కలంలో వచ్చినా ఒకటే.

నేటి సంగతి గూడా నాలుగు మాటలు చెప్పాలి. 2009 అక్టోబరు వరదల్లో, 2019 సెప్టెంబరు వానల్లో మన ప్రాంతం ఎంత దెబ్బతిన్నదో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు శిస్తు కంటే ఆదాయపు పన్ను, జీఎస్టీ, మునిసిపల్ పన్ను, బ్యాంకు కిస్తులు మనల్ని వెంటాడుతున్నాయి. బట్టల కొట్టు, తోలు వ్యాపారం, లారీ, చిన్న మెకానిక్ షెడ్డు నడిపే మనవాళ్లకు ఈ గడువులు కొత్త కిస్తులే. నీళ్లలో లెక్క పుస్తకాలు తడిసిపోతే రిటర్ను ఎట్లా వేయడం?

చట్టంలో దారి లేకపోలేదు. 2015 డిసెంబరులో తమిళనాడు, పుదుచ్చేరి వరదల తర్వాత డిసెంబరు 15న కట్టవలసిన ముందస్తు పన్ను వాయిదాను అక్కడివారికి డిసెంబరు 31 దాకా పొడిగించారు. 2018లో కేరళ వరదల తర్వాత ఆ రాష్ట్రం వారికి ఆదాయపు పన్ను రిటర్ను గడువును ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 15కు జరిపారు. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశమంతటికీ అనేక గడువులు పొడిగించారు. ఈ ఉదాహరణల్లో మనం నేర్చుకోవలసినవి మూడున్నాయి. మొదటిది, గడువు పొడిగింపు వేరు, మాఫీ వేరు. తేదీ జరిగినంత మాత్రాన బాకీ పోదు. రెండోది, పొడిగింపు ఏ పన్నుకు, ఏ జిల్లాకు, ఏ తేదీ దాకా ఇచ్చారో ఉత్తర్వు చదివి తెలుసుకోవాలి. రిటర్నుకు గడువిచ్చి, కట్టవలసిన సొమ్ముకు వడ్డీ వదలకపోవచ్చు. 2020లో ఆలస్యంగా కట్టిన కొన్ని పన్నులకు వడ్డీ తగ్గించి నూటికి తొమ్మిది చొప్పున వేశారే గాని పూర్తిగా తీసేయలేదు. మూడోది, అడిగేవాడు లేకపోతే ఇచ్చేవాడు వుండడు. తమిళనాడుకైనా, కేరళకైనా నష్టం పెద్దది గనుక దేశమంతా చూసింది. కుందూ పొంగి రెండు పేటలు మునిగితే ఢిల్లీకి కనిపించదు. కనిపించేటట్టు చేయవలసింది మనమే.

కనుక మేము చెప్పదలచుకున్నది ఇది. విపత్తు వచ్చినప్పుడు మన సంఘాలు దుప్పట్లు, బియ్యం పంచుతున్నాయి. అది పుణ్యకార్యం, ఆగరాదు. దాంతోపాటు చదువుకున్న యువకులు నలుగురు కూర్చుని, నష్టపోయిన వ్యాపారుల, రైతుల జాబితా రాసి, ఫోటోలు, పంచనామా కాగితాలు జతచేసి, తహసీల్దారు ఆఫీసుకు, మునిసిపల్ ఆఫీసుకు, పన్నుల ఆఫీసుకు గడువు కోరుతూ వారం లోపలే అర్జీలు పెట్టించాలి. అర్జీ రాయలేనివారికి రాసిపెట్టాలి. రసీదు తీసుకొని భద్రం చేయాలి. గుడారం ముందు నిలబడిన రైతుల మాట మన్రో విన్నారంటే, ఆ రైతులు వచ్చి నిలబడ్డారు గనుకనే విన్నారు.

థామస్ మన్రో మనల్ని ఏలడానికి వచ్చారు, సేవించడానికి రాలేదు. ఆయన కట్టిన శిస్తు బరువు మన పూర్వీకులు మోశారు. ఆయన ఏర్పాట్ల గాయాలు ఉయ్యాలవాడలో రక్తం చిందించాయి. అయినా, తన లెక్క తప్పని తేలినప్పుడు తగ్గించమని తానే రాసి, పదమూడేళ్లు ఆ మాట మీదే నిలబడి, అధికారం రాగానే దాన్ని నెరవేర్చిన అధికారి ఎంతమంది? ఆయన మరణించి రెండు వందల ఏళ్లు కావస్తున్నా సీమ ఆయన్ను మరవకపోవడానికి కారణం ఇదే. అటువంటి అధికారులు మనకు దొరకాలని, మన పిల్లల్లో నుంచే అటువంటివారు లేచి ఆ కుర్చీల్లో కూర్చుని కష్టంలో వున్నవాని గడువు గుర్తించాలని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.